మెకానిక్ నవ్వు

"నీ మెకానిక్ సినిమావాళ్ళకి తెగ నచ్చేశాడు, మార్లిస్," అన్నాడు ఎడిటర్ డ్వేన్, పాన్‌కేక్ కోస్తూ.

ఏళ్ళుగా వాళ్ళ అంతరిక్ష సినిమాల వీరులతో నవలలు రాస్తున్న మార్లిస్, సొంతంగా సృష్టించిన పాత్ర ఆ మెకానిక్ ఒక్కడే.

"వచ్చే సినిమాలో వాడే విలన్. పిల్లలున్న ఓడను తగలబెట్టి నవ్వుతాడు."

"వద్దని చెప్పు, డ్వేన్. ఆ కుంటినడక, ఆ నవ్వు చచ్చిపోయిన మా తమ్ముడివి."

"వాళ్ళ లోకంలో పుట్టినవాడు వాళ్ళ సొత్తే. ఒప్పందంమీద సంతకం పెట్టినప్పుడు తెలీదా?" అని, డ్వేన్ మళ్ళీ పాన్‌కేక్ కోయడం మొదలెట్టాడు. "తమ్ముడా? ఆ నవ్వు కుదరక నటుడు నానా తంటాలు పడుతున్నాడు. మీ తమ్ముడి గొంతు రికార్డింగ్ నీ దగ్గరేమైనా ఉందా?"

మార్లిస్ బల్లమీది ఫోన్‌ను మెల్లగా ఒళ్ళోకి లాక్కుంది.

డ్వేన్ కోయడం ఆపాడు. "ఉందన్నమాట," అన్నాడు.