రెండు మూతుల సంచి

"అజీ, గా బ్రష్షు నా గిన్నెల దగ్గర పెట్టకు!" వంటింట్లోంచి భార్య వజీరాబీ కేకేసింది.

ఇమాముద్దీన్ సార్ వినిపించుకోలేదు. మోచేతి దాకా చెయ్యి ఉప్పునీళ్ల గాజుతొట్టిలో పెట్టి ఉన్నారాయన. ప్రతి శుక్రవారం నమాజుకు ముందు ఇదే పని. గాజుకు పట్టిన పాకుడు, రాళ్లకు పట్టిన నారింజరంగు జిగురు, అన్నీ పాత పళ్లబ్రష్షుతో తోమి వదిలిస్తారు. వారం తిరిగేసరికి అన్నీ మళ్లీ హాజరు. వాటికి సిగ్గు లేదు, ఆయనకు విసుగు లేదు.

తాండూరు నుంచి రోజూ రైలెక్కి, వికారాబాద్ కాలేజీలో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పారు సార్. సముద్రం ఒక్కసారీ చూడలేదు. అయినా సముద్రంలో ఉండే ఎసిడియా అనే జీవి పాఠం ఆయన చెబితేనే చెప్పినట్టు. బోర్డు మీద రంగుసుద్దతో రెండు మూతుల తోలుసంచి గీసేవారు.

"పిల్లగున్నప్పుడు ఇది ఈదుతది. మెదడు గూడ ఉంటది. రాయి దొరికిందంటే తల అతికిచ్చుకొని కూసుంటది. ఇగ మెదడెందుకని దాన్నే అరిగిచ్చుకుంటది!"

క్లాసంతా గొల్లుమనేది. ఆ పాఠంలో చివరి పేరా మాత్రం పరీక్షలో రాదని ఏటా పిల్లల చేత కొట్టేయించేవారు.

రిటైరై కుర్చీకి అతుక్కున్నాక ఆ మెదడు మాట తిరిగొచ్చి తనకే తగిలింది. తన మెదడు పూర్తిగా అరిగేలోపు ప్రాణమున్న ఎసిడియాను కళ్లారా చూడాలనిపించింది. తొట్టి అలా వచ్చింది. మెత్తటి పగడాలు హైదరాబాద్ షాపులో దొరికాయి, ఏపుగా పెరిగాయి. వాటిని చూసి ఇరుగుపొరుగు గోబీపువ్వులని నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందని సార్ ధీమా.

ఎసిడియా మాత్రం షాపులో లేదు. "గవి అమ్మం సార్. సముద్రపు రాళ్లతోని వస్తే వస్తయి, లేకుంటే లేదు," అన్నాడు షాపతను.

రాళ్లు తెచ్చి ఏడాదైంది. సార్ రోజూ భూతద్దం పట్టుకుని, తను గీసిన సంచి కోసం వెతికారు. లేదు. చివరికి వజీరాబీ గడువు పెట్టింది.

"ఈ శుక్రారం దాంక చూస్త. రాకుంటే తొట్టి తీసెయ్. నా కుట్టుమిషన్‌కు జాగ కావాలె."

ఆ గడువు ఈ రోజే. ఆఖరి ఆశగా సార్ నీలిమను పిలిచారు. ఆయన దగ్గర చదివిన పిల్లే. ఇప్పుడు విశాఖలో సముద్రజీవుల మీద పరిశోధన చేస్తోంది. సెలవుకు వికారాబాద్ వచ్చినది, పొద్దున్నే తాండూరు చేరింది.

"రాలే బిడ్డా," సార్ తొట్టి వైపు చెయ్యి చూపించారు. "నా అంత సాఫ్‌గ తొట్టిని ఎవలు పెడ్తరు చెప్పు? అయినా రాలే."

నీలిమ తొట్టంతా చూసింది. పగడాలను మెచ్చుకుంది. తర్వాత తొట్టి పక్కనున్న బకెట్లోంచి సార్ తోమిన బ్రష్షు తీసి, దానికంటిన జిగురును గాజుపలక మీద పరిచి, భూతద్దం అడిగి తీసుకుంది. వజీరాబీ తెచ్చిన చాయ్ చల్లారిపోయింది.

"ఏమన్న చెప్పు బిడ్డా. యాడ తప్పు జేసిన?"

నీలిమ భూతద్దం ఆయన చేతికిచ్చింది.

"మీరు కొట్టేయించిన పేరాల ఉన్నది ఇదే సార్, సంచి లెక్క కాకుండ వందలు కలిసి జిగురు పొర లెక్క బతికే ఎసిడియాలు, ఏడాది సంది మీరు వారం వారం తోమి పారేస్తున్నది వీటినే."