మూడున్నర టైరు

కథలాపూర్ బస్సు స్టేజీ దగ్గరికి వచ్చేసరికి రబ్బరు కాలిన వాసన గుప్పుమంది.

జలపతి బండి దిగి చూశాడు. వెనక టైరు మడ్‌గార్డును ఒరుసుకుని పొగలు కక్కుతోంది.

"గిప్పుడే కావాల్నా నీకు" అని బండిని తిట్టాడు. అప్పటికి పదకొండు గంటలైంది.

రుద్రంగి నుంచి బయల్దేరాడు. ఎట్లాగైనా కోరుట్ల వెళ్లి దేవదాస్ అనే మనిషిని పట్టుకోవాలి. మధ్యాహ్నం ఆయన హైదరాబాద్ బయల్దేరి మస్కట్ విమానం ఎక్కేస్తాడు. మళ్లీ రెండేళ్లకు గానీ రాడు.

జలపతి ఆయన ముఖం ఎన్నడూ చూడలేదు. అయినా ఈ పాత బండి కాగితం మీదున్న పేరు ఆయనదే.

గల్ఫ్ పోయేవాడు బండి తాళం ఎవరి చేతిలోనో పెట్టిపోవడం, తీసుకున్నవాడు పేరు మార్పించుకోకుండానే ఇంకొకరికి ఇచ్చేయడం ఈ పక్క మామూలే. అట్లా నాలుగు చేతులు మారి ఇది జలపతి దగ్గరికి చేరింది.

ఇప్పుడు దానికి పదిహేనేళ్లు నిండుతున్నాయి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఆయన చేతి సంతకం లేనిదే పని కాదు. గడువు రేపటితో ఆఖరు.

కాగితం లేకపోతే బండి పోలీసుల పాలు. బండి పోతే సిరిసిల్ల చీరలు మూటగట్టి ఊరూరా తిరిగి అమ్ముకునే బతుకూ పోతుంది. దేవదాస్ వచ్చాడన్న కబురే ఈ పొద్దున అందింది. అది చెప్పినవాడి దగ్గర ఫోన్ నంబరు కూడా లేదు.

బండిని నెట్టుకుంటూ స్టేజీ పక్కనున్న పంక్చర్ షాపుకు తెచ్చాడు. షాపతను వెంకటి వంగి చూసి పెదవి విరిచాడు.

బస్సు కోసం నిలబడ్డ మనిషొకాయన దగ్గరికి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను.

"తమ్మీ, టైరు ఏం సైజు ఏసినవ్?"

"మూడున్నర ఇంచులది. మూట బరువు మోస్తదని ఏయించిన."

"గీ బండికి రెండు పాయింట్ డెబ్బైఅయిదు ఇంచులదే ఉండాలె. టైరుకు, మడ్‌గార్డుకు నడుమ రెండు వేళ్లు పట్టాలె. నీదాంట్ల గోరు గూడ పడుతలేదు. మూట పెడితే ఇంకింత కిందికి కూసుంటది."

"ఆయన చెప్పేది నిజమే" అన్నాడు వెంకటి. "గా సైజు టైరు నా తాన లేదు. ఇప్పటికైతే మడ్‌గార్డు సుత్తెతోని పైకి లేపుత. మెల్లగ పోవాలె మరి."

వెంకటి సుత్తె వెతుకుతుంటే ఆ మనిషి బండి చుట్టూ తిరిగాడు. ట్యాంకు మీద చెయ్యి వేసి చూశాడు. తర్వాత వెనక్కి వచ్చి నంబర్ ప్లేటు మీది బురద వేలితో తుడవబోయాడు.

జలపతి ఆయన్ని మళ్లీ ఎగాదిగా చూశాడు. ఇస్త్రీ చొక్కా, పెన్ను, నంబర్ ప్లేటు మీద చెయ్యి. ఎవరో ఆర్టీవో ఆఫీసు మనిషే అనుకున్నాడు.

"చెయ్యి తియ్యన్నా. గదంత బురద."

"ఈ బండి ఏడికెల్లి తెచ్చినవ్ తమ్మీ?"

"కరీంనగర్‌ల కొన్న. షోరూం బండి."

"మొదటి సంది ఎర్ర రంగేనా?"

"ఎర్రదే."

"నీ పేరు?"

"రాజు."

అబద్ధాలు ఒకదాని వెనక ఒకటి ఎంత సులువుగా వచ్చాయో జలపతికే ఆశ్చర్యమేసింది. భయం అట్లాంటిది మరి.

"గట్లనా" అన్నాడాయన. "సరే గని, టైరు మాత్రం మార్చు. సందుల మట్టి ఇరికితే చక్రం పట్టేస్తది. పడతవ్."

"నా బండి, నా టైరు. నీ పని నువ్వు జూస్కోరాదే."

ఇంతలో బస్సు వస్తే ఆయన ఎక్కి వెళ్లిపోయాడు. పీడ విరగడైందని జలపతి ఊపిరి పీల్చుకున్నాడు.

సుత్తె దెబ్బలకే గంట పట్టింది. ఆ తర్వాత బండి నడిచిందనడం కంటే పాకిందనడమే న్యాయం. పొలాల నుంచి ట్రాక్టర్లు మోసుకొచ్చిన నల్లమట్టి రోడ్డంతా ఉంది. రెండుసార్లు చక్రం పట్టేసింది. రెండుసార్లూ పుల్లతో మట్టి గీకి, మళ్లీ ఎక్కాడు.

దేవదాస్ ఇల్లు చేరేసరికి రెండున్నర.

గడపలో ఆయన తల్లి పోశవ్వ కూర్చుని ఉంది.

"మా దేవదాసా? పది గంటల బస్సుకు రుద్రంగి పోయిండు కొడుకా. ఆడ జలపతని ఎవలో ఉన్నడని రాత్రే కబురచ్చిందట. సంతకం లేకుంటె పాపం ఆయన బతుకే ఆగమైతదట. సామానంత కార్ల పెట్టుకోని కోడలు ఎనుక పోయింది. ఆడ్నే ఎక్కిచ్చుకోని గట్లనే ఐద్రబాద్ పోతరు."

జలపతి మెట్టు మీద కూలబడ్డాడు.

"నేనే అవ్వా, జలపతిని."

ముసలమ్మ గబగబా లోపలికి పోయి ఫోన్ తెచ్చి, కొడుక్కు కలిపి ఇచ్చింది.

"అన్నా, నేను రుద్రంగి జలపతిని. మీ ఇంటి ముంగట ఉన్న."

"అయ్యో తమ్మీ, మీ ఇంటి ముంగట గంట సేపు కూసున్న. నువ్వు కోరుట్లకే పోయినవని పక్కింటోళ్లు చెప్పిరి. ఇప్పుడు సిరిసిల్ల దాటినం."

"ఒక్కసారి ఎనుకకు రారాదే అన్నా. నీ కాళ్లు మొక్కుత."

"రాలేను తమ్మీ. విమానం తప్పితే నా కొలువు పోతది. మళ్ల అచ్చినంక ముందుగాల నీ పనే చేస్త."

జలపతికి ఏడుపొచ్చింది. రేపటి గడువుకు రెండేళ్ల తర్వాత పెట్టే సంతకం ఏం పనికొస్తుంది? ఆ మాట ఆయనతో అని లాభం లేదు.

అటునుంచి దేవదాస్ నొచ్చుకుంటూ అన్నాడు: "నీ కోసం అచ్చేటప్పుడు కథలాపూర్‌ల బస్సు మారంగ అచ్చం నా బండి అసొంటిదే ఒకటి కనవడ్డది తమ్మీ, ఆ పిలగాడు నువ్వేననుకోని సంతకం పెడుదామని పెన్ను గూడ తియ్యబోయిన గని, ఆయన ఎవలో కరీంనగర్ రాజట."