చచ్చే నల్లులు

“దొరికాయా, చచ్చే నల్లులు?” గుమ్మంలోనే అడిగింది రత్నకుమారి.

పూర్ణచంద్రరావు బండికి స్టాండు వేసి అరుగు మీద కూలబడ్డాడు. “దివిసీమంతా తిరిగానే. ప్రతివాడి తేనెపెట్టెల ముందూ ‘మందు వాడని తేనె’ అని బోర్డే. ఒక్కడి నల్లీ చావదు!”

నల్లులంటే మంచంలోవి కావు. తేనెటీగల ఒంటికి అతుక్కుని పీల్చేవి. వాటిని చంపడానికి పెట్టెల్లో మందు పట్టీలు వేలాడదీయడం, ఆ సంగతి తేనె కొన్నవాళ్ళకి చెప్పకపోవడం పూర్ణచంద్రరావుకి ఏళ్ళుగా అలవాటు. ఊరి గుళ్ళో అభిషేకానికి తేనె ఆయనదే. అందుకే తొలి తీర్థం ఆయన చేతిలోనే పడుతుంది. ఆ గౌరవం కోసం ఆయన ప్రాణమైనా ఇస్తాడు గానీ నిజం మాత్రం చెప్పడు.

ఈ ఏడు గుడి కమిటీవాళ్ళు తేనెకి పరీక్ష పెట్టించాలన్నారు. బందరు నుంచి నవ్యశ్రీ అనే సైంటిస్టు వస్తోంది. ఆవిడ ఫోన్లో ముందే చెప్పింది.

“మందు ఎరగని నల్లి మందు తగిలితే చస్తుందండీ. ఏటా మందు పెట్టినచోట తట్టుకున్నవే మిగులుతాయి. వాటి పిల్లలకీ ఆ మొండితనం పుట్టుకతోనే వస్తుంది. మీ నల్లులు చస్తే మీరు మందు వాడనట్టే. కొన్నిటిని సీసాలో పట్టి ఉంచండి.”

పూర్ణచంద్రరావు నల్లులేమో మందు పట్టీల మీదే కాపురాలు పెట్టాయి. పట్టి ఉంచిన సీసాకేసి చూస్తే ఆయనకి ఏడుపొచ్చింది.

“ఇన్నేళ్ళు మేపానే! ఒక్కసారి చచ్చి నా పరువు నిలపలేవూ? విశ్వాసం లేని జాతి!”

“ఊరుకోండి. మీ అజీర్తికి తెచ్చిన వాము పువ్వుంది. నూరి సీసా మూత లోపల దట్టంగా రుద్దుతాను. ఆ ఘాటుకి నల్లులేం ఖర్మ, వాటి తాతలు కూడా పోతారు,” అంది రత్నకుమారి.

మర్నాడు నవ్యశ్రీ వచ్చింది. సీసా మీది గుడ్డ తీస్తే నల్లులు చురుగ్గా పాకుతున్నాయి. ఆవిడ బ్యాగులో రెండు కవర్లున్నాయి. తెల్ల కవరులోంచి ఓ పట్టీ తీసి లోపలికి జారవిడిచింది.

“మూత నేను పెడతానమ్మా, నీకెందుకు శ్రమ!” అంటూ పూర్ణచంద్రరావు రెండు చేతులా బిగించాడు.

“వాము వాసనొస్తోందేంటండీ?”

“మా ఆవిడ జంతికలు వండుతోంది. తిని వెళ్దువుగాని.”

ఆ మాట విని వంటింట్లో రత్నకుమారి గబగబా పొయ్యి వెలిగించింది.

జంతికలు వేగి వచ్చేసరికి నల్లులన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి. ఒక్కటీ కాలు కదపడం లేదు.

“చూశావా అమ్మా! అమాయకపు నల్లులు, మందు పేరైనా వినలేదు!” పూర్ణచంద్రరావు గొంతు వీధి చివరిదాకా వినిపించింది. పక్కింట్లోంచి గుడి కమిటీ ప్రెసిడెంటు గోవర్ధనరావు పరుగున వచ్చి, సీసాకి చేతులు జోడించాడు.

“తొలి తీర్థం ఇక మీ వంశానిదే, బావగారూ!”

నవ్యశ్రీ జంతిక కొరుకుతూ సీసాని వెలుతురులోకి ఎత్తి చాలాసేపు చూసింది. తర్వాత బ్యాగులోంచి ఎర్ర కవరు తీసింది.

“అదెందుకమ్మా?” అన్నాడు పూర్ణచంద్రరావు.

“మందు పట్టీ ఇందులో ఉందండీ,” అంది నవ్యశ్రీ. “ఇందాక పెట్టింది ఉత్త అట్టముక్క.”