ఊడవని ఇల్లు

"చేరినావా మామా?"

"చేరినా రేవతీ," అన్నాడు శివకుమార్.

అవతల మదనపల్లెలో, గోవిందప్ప టమోటా మండీలో ఫోను పట్టుకుని నిలబడిన భార్య ఊపిరి వదలడం వినిపించింది.

"మద్రాసు నుంచి దుబాయికి ఎంతసేపు పట్టింది?"

"నాలుగు గంటలు. మూడువేల కిలోమీటర్లు ఉంటాదంట."

"నాలుగు గంటలేనా? మన బస్సు కుప్పం చేరేదానికి అంతసేపు పడతాదే. ఆ విమానం తోలేటోడిని తెచ్చి మన డిపోలో పెట్టుకోవాల."

నవ్వబోయాడు. నవ్వు రాలేదు. నిన్న గడప దగ్గర, "ఆ ఏజెంటును సూస్తే నాకు నమ్మకం కుదరలే, పోవద్దు మామా" అంటే, దండలు వేయడానికి వచ్చిన వీధి జనమంతా చూస్తుండగా, "నీకేం తెలుసు, నోరు మూసుకో" అని కసిరి బస్సెక్కాడు. అయినా ఆమె దారికి పెరుగన్నం మూట చేతికిచ్చింది.

"ఏజెంటు విమానం దాకా వచ్చినాడా?"

"ఊఁ."

"తిన్నావా?"

"తిన్నా. గోవిందప్పన్న బాగుండాడా?" మాట మార్చాడు.

"ఇప్పుడే పుంగనూరు నుంచి లారీలో వచ్చినాడు. గంపలు దించిస్తాండాడు. నిన్ను అడిగినానని చెప్పమన్నాడు."

శివకుమార్ రిసీవరును ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. ఫోను గది యజమాని అతని మొహం చూసి, అడగకుండానే గ్లాసుడు నీళ్లు తెచ్చి పక్కన పెట్టాడు. ఊరుకాని ఊళ్లో ఆ మాత్రం దయకే కళ్లు తడిశాయి.

"నువ్వు పోయినప్పటి నుంచి ఇల్లు ఊడవలే మామా. పయనమైనోళ్లు చేరకముందే ఊడిస్తే వాళ్లకు కీడంటారు గదా. గడపంతా నీ దండల్లో రాలిన బంతిరేకులే. దీపం పెట్టే పొద్దయింది. ఇంక ఊడ్చేదా?"

అతను కాళ్ల దగ్గరున్న కొత్త సూటుకేసు వైపు చూశాడు. గాజు తలుపు అవతల జనం ఎవరిళ్లకు వాళ్లు పోతున్నారు.

"ఊడ్చు," అన్నాడు చివరికి.

"చేరినావు గదా?"

"చేరినా. నిన్న నిన్ను అట్లా అనకుండా ఉండాల్సింది రేవతీ," అన్నాడు.

అవతల గంపలు దించుతున్న చప్పుడు వినిపించింది.

"ఇల్లు ఊడవను మామా," అంది మెల్లగా. "గోవిందప్పన్న అంతా చెప్పినాడు. పుంగనూరులో ఆఖరి బస్సు ఎనిమిదికంట, ఎక్కి వచ్చెయ్."