పక్క గార్డులు

"గార్డు ముందు కాదు బాబూ, పక్కన కట్టాల," అన్నాడు పెద్దాయన.

టెక్కలిలో ఇంటి ముందే రేకుల పందిరి వేసుకుని వెల్డింగు చేసుకునే బైరాగి బుర్ర గోక్కున్నాడు.

హైవేని నాలుగు లైన్లు చేస్తున్న రోజులవి. లారీకి గార్డంటే ముందుండాలి, గుద్దినా బండికి దెబ్బ తగలకుండా. ముందు, వెనక చక్రాల మధ్య ఖాళీలో కడ్డీలు కట్టించుకునేవాణ్ణి చూడటం ఇదే మొదలు.

"అక్కడ బండికేటి తగుల్తాది, పెద్దాయినా?"

"బండికి కాదు. సైకిలోడు తూలితే సక్రం కిందకి పోకుండా."

మనకెందుకులే అని కట్టి ఇచ్చాడు.

తరవాత ఇంకో లారీ వెంట వచ్చాడు. ఆ తరవాత మరొకటి. ఏదీ తనది కాదట, డబ్బు మాత్రం తనే ఇస్తాడట. బైరాగికి ఏమీ అంతు పట్టలేదు.

"ఏ ఊరు తమది?"

"సోంపేట."

"దారిలో పలాసలో అన్ని షాపులుండగా నా కాడికే ఏల వస్తన్నారు?"

ఆయన కడ్డీ గట్టిగా ఉందో లేదో ఊపి చూసుకున్నాడు.

పైగా ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టడు. ఎండన పడి వచ్చాడని బైరాగి తల్లి కామాక్షమ్మ ఓ రోజు మజ్జిగ తెచ్చిస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఒద్దమ్మా."

"తాగు బాబూ. మా సిన్నోడు ఇలాగే సైకిలు మీంచి తూలి లారీ కింద పడిపోనాడు, కోటబొమ్మాళి కాడ. నీకూ ఎవరైనా పోనారేటి?"

"ఒక కుర్రోడు పోనాడమ్మా."

అంతే. వీధిలోకి వెళ్లి నిలబడ్డాడు.

కామాక్షమ్మ కళ్లొత్తుకుంది గానీ బైరాగికి ఒళ్లు మండింది. ఇది కులం పట్టింపు కాక మరేమిటి?

"మా సేతి మజ్జిగ పనికిరాదు గాని మా సేతి పని పనికొస్తాదా? ఇంక నా గుమ్మం తొక్కకండి."

పెద్దాయన దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

"కొడుకు పోయినోడితో అలాగేనేటిరా మాటాడ్డం?" అని తల్లి రెండు రోజులు అన్నం దగ్గర సణిగింది.

వానలు తగ్గాక సోంపేట కొబ్బరికాయల వ్యాపారి జనార్దనరావు లారీ తెచ్చాడు. పెద్దాయన కట్టించిన పక్క కడ్డీ ఒకటి వంగి ఉంది.

"సైకిలు మీద బడికెళ్లే పిల్ల, బైరాగీ. తూలి నేరుగా బండి మీదకి పడిపోయింది. ఈ కడ్డీ అవతలకి తోసేసింది. మోచెయ్యి గీసుకుపోయిందంతే."

బైరాగి ఆ కడ్డీని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఎంత మాట అన్నాను ఆ మనిషిని, అనుకుంటే సిగ్గేసింది.

"ఆ పెద్దాయన ఇల్లెక్కడో సెప్పండి బాబూ. ఎల్లి కాళ్లు పట్టుకుంటాను."

"ఇంకెక్కడి పెద్దాయన? పోయిన నెల్లోనే చనిపోయాడు, కిడ్నీలు పాడై. లారీ అమ్మిన డబ్బంతా ఈ కడ్డీలకే పెట్టేశాడు, పిచ్చి మారాజు."

"ఆయనకి లారీ ఉండేదా?"

గుమ్మంలోంచి కామాక్షమ్మ అంది, "కొడుకు పోయిన బెంగ బాబూ. అదే తినేసుంటాది."

జనార్దనరావు వింతగా చూశాడు.

"కొడుకేటమ్మా, ఆయనకి పిల్లల్లేరు. సొంత లారీ తనే తోలుకునేవోడు. కోటబొమ్మాళి కాడ సైకిలు కుర్రోడొకడు దాని కింద పడిపోయాక, మరి స్టీరింగు ముట్టలేదు."