పంపిన నమూనాకు మాత్రమే

"ఈ సంతకం మీదేనా, మాస్టారూ?"

షెంజెన్‌లోని పరీక్షశాల కిటికీలోంచి లాన్‌షిన్ ఒక నివేదికను, వాడిన ఈ-సిగరెట్‌ను లోపలికి నెట్టింది. లోపల కూర్చున్న పరీక్షకుడు కువాంగ్ కళ్లజోడు సర్దుకున్నాడు.

"నాదేనమ్మా."

"ఈ నివేదికని కొట్లో గోడకి అంటించారు. అది చూసే మా ఆయనకి ఇది కొనిపెట్టాను, మామూలు సిగరెట్లు మానేస్తాడని. ఇప్పుడు ఊపిరితిత్తులు వాచి ఆస్పత్రిలో ఉన్నాడు. ఇందులో ఏం కలిపారో తెలిస్తేగానీ సరైన మందు ఇవ్వలేనంటున్నాడు డాక్టరు. కాస్త పరీక్షించి పెట్టండి."

"సీలు విప్పినవి తీసుకోమమ్మా. కంపెనీయే ముద్ర వేసి పంపాలి."

"వాళ్లెందుకు పంపుతారు? మీరు పరీక్ష చేసింది ఈ సరుకేగా?"

కువాంగ్ నివేదిక అడుగున ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చదివాడు. 'ఈ ఫలితం పంపిన నమూనాకు మాత్రమే వర్తిస్తుంది.' పద్దెనిమిదేళ్లలో ఆ వాక్యాన్ని పైకి చదవడం అతనికి అదే మొదటిసారి.

"అంటే వాళ్లు ముస్తాబు చేసి పంపినవి చూశారన్నమాట. మా వీధి కొట్లోది ఎవరు చూస్తారు?"

కువాంగ్ వేడినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపాడు.

ఆమె రెండు గుక్కలు తాగింది.

"మిమ్మల్ని అనడం లేదు మాస్టారూ. మీ దస్తూరీ కుదురుగా ఉంది. అందుకే నమ్మాను."