అత్తగారికి కొమ్ములు

"నీ మాంత్రికురాలే గెలిచింది!" ఫోన్‌లో టీమ్ లీడర్ అరిచినంత పని చేశాడు. "గేమ్ తెరవగానే కనబడే మొదటి ముఖం ఆవిడదే. నలభై బొమ్మలొస్తే అందరూ ఒక్కమాటగా దాన్నే పట్టుకున్నారు."

కోడలు కుర్చీలోంచి లేచి, కూర్చుని, మళ్ళీ లేచింది. బట్టలు మడతపెడుతున్న భర్త చేతిలో చొక్కాతో అలాగే నిలబడిపోయాడు. వీడియో గేముల్లో పాత్రలకు ముఖాలు గీయడం ఆమె పని. చెవులు సాగదీసి, పొలుసులు అద్ది, వయసు ఇక్కడ పెంచి అక్కడ తుంచి, లోకంలో లేని మనుషుల్ని పుట్టిస్తుంది.

"రేపు మధ్యాహ్నంలోగా ఒక్క కాగితం పంపు," అన్నాడు టీమ్ లీడర్. "బొమ్మ వెనక నిజం మనిషెవరైనా ఉంటే వాళ్ళ సంతకం కావాలి. లేదంటే దీన్ని తీసేసి రెండో బొమ్మ పెట్టేస్తారు."

ఫోన్ పెట్టేసరికి కోడలి ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"కొంపదీసి ఎవరైనా ఉన్నారా?" అన్నాడు భర్త.

"మీ అమ్మ."

చొక్కా కిందపడింది. "మా అమ్మా! ఎక్కడ?"

అతను తెరకు ముక్కు ఆనించి మరీ వెతికాడు. వెనక్కి వంగిన కొమ్ములు, మెడంతా ఆకుపచ్చ పొలుసులు, బంగారు కళ్ళు, పైకి లేచిన ఒక కనుబొమ, పెదవి పక్కన పుట్టుమచ్చ.

"ఎక్కడా లేదు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న నాకే తెలీలేదంటే ఇంకెవరికి తెలుస్తుంది? ఎవరూ లేరని రాసి పడెయ్."

"అబద్ధం ఎలా రాయను? రోజూ ఎదురుగా కూర్చుని టీ తాగుతారు కదా, ఆ కనుబొమ ఎత్తే తీరు ఉంది చూడు, చెయ్యి దానంతటదే గీసేసింది."

"పెళ్ళయి మూణ్ణెల్లు కాలేదు. అత్తయ్యా, మీకు కొమ్ములు పెట్టాను, సంతకం చెయ్యండి అంటావా?"

"కొమ్ములు కుదిరాయి కదా కానీ?"

"కుదిరాయి. అదే నా భయం."

"ఎవరికి కుదిరాయర్రా కొమ్ములు?"

గుమ్మంలో అత్తగారు! ఆవిడ లెక్కల టీచరు. గొంతు సవరించుకుంటే చాలు, తరగతి తరగతంతా ఊపిరి బిగబట్టుకుంటుంది. భర్త తెరకు అడ్డంగా జరిగేలోపే ఆవిడ చూడనే చూసింది.

చెయ్యి మెల్లగా తన చెంప మీదికి వెళ్ళింది.

"నేనే," అంది.

"ఎలా గుర్తుపట్టావమ్మా?" కొడుకు నోరు తెరిచాడు.

కోడలు తెర వైపు చూసింది, అత్తగారి వైపు చూసింది. పుట్టుమచ్చ! ఆవిడకి ఉన్నది ఎడమ పక్క. బొమ్మలో కుడి పక్కకి వెళ్ళింది.

"అయ్యో, తిప్పి మర్చిపోయాను!"

బొమ్మలో వంకర తెలియడానికి దాన్ని అద్దంలోలా అటుదిటు తిప్పి చూసుకోవడం ఆమె అలవాటు. ఈసారి మళ్ళీ మామూలుగా పెట్టకుండా అలాగే పంపేసింది. గబగబా మీట నొక్కింది. కుడి ఎడమైంది.

"బాబోయ్, అమ్మే!" కొడుకు రెండడుగులు వెనక్కేశాడు.

"ఇదెవరు?" అంది అత్తగారు.

ఒక్క మీటకు అటు ఒక మనిషి, ఇటు ఒక మనిషి.

"ముందుది పెట్టు," అంది అత్తగారు. పెట్టాక దగ్గరికి వెళ్ళి చూసింది. "రోజూ పొద్దున తల దువ్వుకునేటప్పుడు నాకు అద్దంలో కనిపించేది ఈవిడే. అంటే నేను నేననుకుంటున్న మనిషిని ఇన్నేళ్ళూ ఎవరూ చూడనే లేదన్నమాట."

"సారీ అత్తయ్యా."

"సారీ ఎందుకు? ఇంతకీ మంచిదేనా ఈవిడ?"

"లేదండీ. ఏడు రాజ్యాలు తగలబెడుతుంది."

"ఎందుకట?"

"ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ మాట వినరని."

"న్యాయమే," అంది అత్తగారు. కోడలు సంతకం సంగతి చెప్పి కాగితం చాపింది. ఆవిడ కలం తీసి, గాల్లోనే ఆపేసింది.

"కన్నకొడుకే పోల్చుకోలేదు. నాకొక్కదానికే తెలిస్తే రుజువైనట్టు కాదమ్మాయ్. ఇది నేనేనని ఇంకొక్కరు చెప్పాలి. అప్పుడు పెడతాను."

బయట కారు తలుపు చప్పుడైంది. టాక్సీ నడిపే మామగారు తాళంచెవులు వేలికి తిప్పుకుంటూ లోపలికి వచ్చారు.

"తిప్పెయ్, తిప్పెయ్," గుసగుసలాడాడు భర్త.

"ముట్టుకున్నావంటే చూడు," అంది అత్తగారు.

కోడలు నెలరోజులు కూర్చుని గీసిన ముఖం ఉండటమో ఊడటమో ఇక మామగారి నోట్లో ఉంది. ఆయన తాళాలు మేకుకి తగిలిస్తూ తెర వైపు ఒక్క చూపు చూశారు.

"మన టీచరుగారికి కొమ్ములెప్పుడు మొలిచాయి?"

"నాన్నా! ఎలా కనుక్కున్నావు?"

"ఇందులో కనుక్కునేదేముందిరా? బడికి దించేటప్పుడు మీ అమ్మ వెనక సీట్లో పేపర్లు దిద్దుకుంటూ తలెత్తదు. ఇరవై రెండేళ్ళుగా ముందున్న అద్దంలో నేను చూస్తున్నది ఈ మొహమే కదా."

అత్తగారు కాగితం బల్ల మీద పెట్టి, గుండ్రటి అక్షరాలతో సంతకం చేసింది. కలానికి మూత పెట్టింది. లోపలికి వెళ్తూ, వెనక్కి తిరక్కుండానే అంది:

"ఏమండీ, రేపు నేను ముందు సీట్లో కూర్చుంటాను."